సర్వైవల్ హారర్ వీడియో గేమ్‌లు: పోరాటానికీ భయానికీ మధ్య తూకం

వీడియో గేమ్‌లలో సర్వైవల్ హారర్ ఒక ప్రత్యేక జాతి. ఇందులో గెలుపంటే ప్రాణాలతో బయటపడటమే. చేతిలో తుపాకీ ఉంటుంది, తూటాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. తలుపు తెరవడం మన చేతిలో పనే, అవతల ఏం కాచుకుని ఉందో మాత్రం తెలియదు. ఎదురుపడిన దాన్ని తప్పించుకుని పారిపోవచ్చు, కాసేపటికి మళ్లీ అదే దారిన రాక తప్పదు.

ఈ గేమ్‌లు తయారుచేసేవారిని మొదటినుంచీ వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది: ఆడేవారి చేతికి ఎంత బలం ఇవ్వాలి? బలం ఎక్కువైతే భయం పారిపోయి ఒట్టి కాల్పుల ఆట మిగులుతుంది. మరీ తక్కువైతే ఆడేవారికి చేయడానికి పనేమీ ఉండదు, కొంతసేపటికి భయం విసుగుగా మారుతుంది. మూడు దశాబ్దాలకు పైబడిన ఈ జాతి చరిత్ర ఆ రెండు అంచుల మధ్య అటూ ఇటూ ఊగిన చరిత్రే. ఆ ఊగిసలాటను దగ్గరగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తుపాకులు ఎక్కువున్నా భయపెట్టిన గేమ్‌లున్నాయి, తుపాకీ లేకపోయినా భయపెట్టలేకపోయినవీ ఉన్నాయి. ఒక్కో దెబ్బ కొట్టడానికి ఆడేవారు ఏం వదులుకోవలసి వస్తుందన్న దాని మీదే ఈ తూకం నిలుస్తుంది.

పుట్టుక

ఈ జాతికి మూలపురుషుడిగా చాలామంది చెప్పే గేమ్ స్వీట్ హోమ్. 1989లో జపాన్ సంస్థ కాప్‌కామ్ దీన్ని ఫామికామ్ యంత్రం కోసం విడుదల చేసింది. కియోషి కురొసావా తీసిన అదే పేరు గల సినిమా దీనికి ఆధారం. గేమ్‌కు దర్శకుడు తొకురో ఫుజివారా. పాడుబడిన భవంతిలో ఐదుగురు చిక్కుకుంటారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది, మోయగలిగే సామాను మాత్రం బహు తక్కువ. ఎవరైనా చనిపోతే ఆట ముగిసేదాకా ఆ మనిషి తిరిగి రాడు. పోరాటం వంతులవారీగా సాగుతుంది. భయం వచ్చేది మాత్రం ఆ పోరాటంలో ఎవరిని పోగొట్టుకుంటామో అన్న బెంగ నుంచి.

1992లో ఫ్రాన్స్‌కు చెందిన ఇన్ఫోగ్రామ్స్ సంస్థ అలోన్ ఇన్ ద డార్క్‌ను తెచ్చింది. ఫ్రెడరిక్ రేనాల్ దీని రూపకర్త. చిత్రించిన నేపథ్యాల మీద 3డీ మనుషులు కదులుతారు, గదిగదికీ కెమెరా ఒకచోట కదలకుండా ఉంటుంది. ఆట అటక మీద మొదలవుతుంది. కాసేపట్లో కిటికీ పగలగొట్టుకుని ఒక జంతువు లోపలికి దూకబోతుంది. చురుకైన వారు అంతకుముందే బీరువాను కిటికీకి అడ్డంగా జరుపుతారు, పెట్టెను నేలలోని తలుపు మీదికి నెడతారు. పోరాటమే జరగదు. ముందుచూపు కూడా ఆయుధమేనని ఈ జాతి నేర్చుకున్న తొలి పాఠాల్లో ఇదొకటి.

ఈ రెండు దారులూ 1996లో ఒకచోట కలిశాయి. స్వీట్ హోమ్‌ను కొత్తగా తీయాలన్న ఆలోచనతో కాప్‌కామ్‌లో మొదలైన పని షింజి మికామి దర్శకత్వంలో వేరే గేమ్‌గా ఎదిగింది. జపాన్‌లో బయోహజార్డ్ పేరుతో, ఇతర దేశాల్లో రెసిడెంట్ ఈవిల్ పేరుతో ప్లేస్టేషన్‌ మీద విడుదలైంది. సర్వైవల్ హారర్ అన్న మాటను జనంలోకి తెచ్చింది ఈ గేమే.

తూటాల లెక్క

రెసిడెంట్ ఈవిల్‌లోని స్పెన్సర్ భవంతిలో క్రిస్, జిల్ అనే ఇద్దరు పోలీసుల్లో ఒకరిని ఎంచుకుని ఆడతారు. జిల్ సంచిలో 8 వస్తువులు పడతాయి, క్రిస్ సంచిలో 6 మాత్రమే. తుపాకీ, తూటాలు, మందు మూలిక, తాళంచెవి, అన్నీ ఆ గళ్లలోనే సర్దుకోవాలి. ఎక్కువ తూటాలు పట్టుకెళ్తే దారిలో దొరికే తాళంచెవికి చోటుండదు. ఖాళీ చేతులతో వెళ్తే జాంబీకి చిక్కుతారు. ఆటను భద్రపరచుకోవడానికి కూడా టైపురైటర్ దగ్గరికి వెళ్లి ఇంకు రిబ్బన్ ఒకటి ఖర్చు చేయాలి. ఆ రిబ్బన్‌లూ కొన్నే దొరుకుతాయి.

ఈ కరువు వల్ల చిన్న జాంబీ సైతం పెద్ద నిర్ణయమవుతుంది. నడవాలో ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. కాల్చి చంపితే ఆ దారి సుగమమవుతుంది, కానీ ముందెక్కడో రాబోయే పెద్ద ప్రమాదానికి ఆ తూటాలు మిగలవు. పక్కనుంచి దూరి పారిపోతే తూటాలు మిగులుతాయి, కానీ ఆ నడవాలో నడిచిన ప్రతిసారీ గుండె గుబగుబలాడుతుంది. నెలాఖరున బియ్యం డబ్బా తడిమి చూసుకున్నట్టు ఆడేవారు మాటిమాటికీ సంచి తెరిచి తూటాలు లెక్కపెట్టుకుంటారు. పోరాటాన్ని తీసేయకుండానే దాన్ని భయానికి ఇంధనంగా మార్చిన ఉపాయం ఇది.

2002లో గేమ్‌క్యూబ్ కోసం మికామి ఈ గేమ్‌ను మళ్లీ తీసినప్పుడు ఆ ఉపాయాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. చంపిన జాంబీ శవాన్ని అలాగే వదిలేస్తే కొంతకాలానికి అది క్రిమ్సన్ హెడ్ అనే రూపంలో లేచి పరుగెత్తుకొస్తుంది. అలా కాకుండా ఉండాలంటే తలను ఛిద్రం చేయాలి, లేదా కిరోసిన్ పోసి కాల్చేయాలి. కిరోసిన్ కూడా కొద్దిగానే దొరుకుతుంది. చంపడంతో తీరిపోవలసిన బాకీ మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. జర్మనీకి చెందిన ఇద్దరు సభ్యుల బృందం రోజ్-ఎంజిన్ 2022లో తెచ్చిన సిగ్నాలిస్‌లోనూ ఇదే వారసత్వం కనిపిస్తుంది. సంచిలో 6 వస్తువులే పడతాయి, పడిపోయిన శత్రువులు కాల్చివేయకపోతే మళ్లీ లేస్తారు.

కెమెరా, చేతి అదుపు

తొలి రెసిడెంట్ ఈవిల్‌లలో కెమెరా ఒక మూలన స్థిరంగా ఉంటుంది. మలుపు అవతల ఉన్న జాంబీ మూలుగు వినిపిస్తుంది, రూపం కనిపించదు. పైపెచ్చు పాత్ర నడక మొద్దుగా ఉంటుంది. నిలబడ్డ చోటే అటూ ఇటూ తిప్పి, ఆ తర్వాతే ముందుకు నడిపించాలి. చుట్టూ కనిపించకపోవడం, ఒళ్లు చురుగ్గా తిరగకపోవడం కలిసి తుపాకీ ఉన్న మనిషిని కూడా నిస్సహాయుణ్ని చేస్తాయి. కిటికీ అద్దాలు బద్దలు చేసుకుని నడవాలోకి కుక్కలు దూకే ఘట్టం ఇప్పటికీ అందరికీ గుర్తుండటానికి ఆ కెమెరా కోణం కూడా ఒక కారణం.

1999లో కొనామి విడుదల చేసిన సైలెంట్ హిల్ వేరే దారి తొక్కింది. కీచిరో తొయామా దర్శకత్వంలో పనిచేసిన బృందం పోలీసునో సైనికుణ్నో కాకుండా హ్యారీ మేసన్ అనే మామూలు తండ్రిని కథానాయకుణ్ని చేసింది. అతనికి గురి కుదరదు, కాస్త దూరం పరుగెత్తితే ఆయాసం వస్తుంది. ఊరంతా మంచు కమ్ముకుని ఉంటుంది. ప్లేస్టేషన్ దూరపు దృశ్యాలను చూపలేకపోతే ఆ లోపాన్ని కప్పడానికి పొగమంచు వాడారు, అదే ఈ గేమ్‌కు ముఖచిత్రమైంది. జేబులోని రేడియో రాక్షసులు దగ్గరపడితే గురగుర శబ్దం చేస్తుంది. ప్రమాదం ఉందని ముందే చెబుతుంది, ఎటువైపు ఉందో చెప్పదు. కొట్టడానికి చేతిలో ఇనుప గొట్టం ఉన్నా దేన్ని కొట్టాలో తెలియని స్థితి అది.

2001లో టెక్మో నుంచి మకొతో షిబాతా దర్శకత్వంలో వచ్చిన ఫేటల్ ఫ్రేమ్‌ది మరింత తెలివైన ఏర్పాటు. ఇందులో దయ్యాలను ఎదిరించడానికి ఉన్నది ఒక పాత కెమెరా మాత్రమే. ఫొటో తీస్తే దయ్యానికి దెబ్బ తగులుతుంది. దూరం నుంచి తీస్తే కొంచెమే తగులుతుంది. అది మీద పడబోయే క్షణం దాకా ఆగి తీస్తేనే గట్టి దెబ్బ. అంటే బాగా పోరాడాలంటే దయ్యం మొహాన్ని అతి దగ్గరగా, కన్ను తిప్పుకోకుండా చూడాలి. భయపడటమూ పోరాడటమూ ఒకే బటన్‌లో ఇమిడిపోయిన ఏర్పాటు ఇది. ఇంత పొందికైనది ఈ జాతిలో మరొకటి దొరకడం కష్టం.

2005 మలుపు

రెసిడెంట్ ఈవిల్ 4 తయారీ ఒక దీర్ఘకథ. మొదట్లో హిదెకి కమియా చేతిలో రూపుదిద్దుకున్న ఒక ప్రయత్నం బొత్తిగా యాక్షన్ వైపు వెళ్లిపోవడంతో 2001లో డెవిల్ మే క్రై అనే వేరే గేమ్‌గా బయటికి వచ్చింది. తర్వాత ఇంకొన్ని రూపాలను పక్కనపెట్టారు. చివరికి మికామి స్వయంగా దర్శకత్వం చేపట్టాడు. 2005 జనవరిలో గేమ్‌క్యూబ్ మీద విడుదలైన ఈ గేమ్‌లో కెమెరా కథానాయకుడు లియాన్ కెనెడీ భుజం వెనక్కి వచ్చింది. శత్రువులు ఈడ్చుకుంటూ నడిచే జాంబీలు కారు. గొడ్డళ్లు విసిరే, నిచ్చెనలు వేసుకుని కిటికీల్లోంచి ఎక్కివచ్చే స్పెయిన్ పల్లెవాసులు.

తూటాలు ఇందులో ధారాళంగా దొరుకుతాయి. ఆయుధాలు అమ్మే వర్తకుడు కూడా ఉంటాడు. అయినా మొదటి పల్లె ఘట్టం ఆడినవారికి చెమటలు పట్టాయి. దానికి ముఖ్య కారణం ఒక చిన్న నిబంధన: గురిపెట్టినప్పుడు లియాన్ అడుగు కదపలేడు. కాల్చాలంటే ఆగాలి, ఆగితే చుట్టుముడతారు. కాలికి కాలిస్తే శత్రువు తూలుతాడు, అప్పుడు దగ్గరికెళ్లి తన్నవచ్చు. దానివల్ల తూటాలు ఆదా అవుతాయి, కానీ గుంపు మధ్యలోకి వెళ్లాలి. అంతలో తలకు గోనెసంచి తొడుక్కున్నవాడి రంపం శబ్దం వినిపిస్తుంది. ఆ పల్లెలో అందరినీ చంపి తీరాలన్న షరతు లేదు. చర్చి గంట మోగేదాకా నిలదొక్కుకుంటే చాలు.

దీని వెనక కంటికి కనిపించని ఇంకో ఏర్పాటు పనిచేస్తుంది. ఆడేవారు బాగా ఆడుతుంటే శత్రువులు మరింత దూకుడుగా మారతారు. మాటిమాటికీ దెబ్బలు తింటూ చనిపోతుంటే ఆట తీవ్రత మెల్లగా తగ్గుతుంది, కొన్నిచోట్ల శత్రువుల సంఖ్య కూడా తగ్గుతుంది. నేర్పు ఎంత ఉన్నా దాదాపు అందరూ ఇక అయిపోయిందనుకునే అంచు దగ్గరే ఊపిరి బిగబట్టి ఆడతారు. యాక్షన్ పెరిగినా భయం చావకుండా కాపాడింది ఈ లోపలి సర్దుబాటే.

యాక్షన్ వైపు ఒరిగిన కాలం

రెసిడెంట్ ఈవిల్ 4 విజయం తర్వాత భుజం వెనక కెమెరా ఎన్నో సంస్థలకు ఒరవడి అయింది. దాన్ని బాగా ఆకళింపు చేసుకున్న గేమ్ డెడ్ స్పేస్. 2008లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు చెందిన రెడ్‌వుడ్ షోర్స్ స్టూడియో, అంటే తర్వాతి విసెరల్ గేమ్స్, దీన్ని తీసింది. కథానాయకుడు ఐజాక్ క్లార్క్ సైనికుడు కాడు, ఇంజనీరు. ఇషిమురా అనే గనుల నౌకలో అతని ఆయుధాలు కూడా చాలావరకు గనుల్లో వాడే కోత యంత్రాలే. శత్రువుల తలకు కాలిస్తే లాభం లేదు, కాళ్లూ చేతులూ తెగ్గొట్టాలి. ఏళ్ల తరబడి కాల్పుల ఆటలు ఆడి తలకు గురిపెట్టడం అలవాటైన చేతులు ఇక్కడ తడబడతాయి. ప్రాణం ఎంత మిగిలిందో ఐజాక్ వెన్నుమీది వెలుగుల్లో కనిపిస్తుంది. సంచి తెరిచినా ఆట ఆగదు. తూటాలు వెతుక్కుంటుండగానే వెనకనుంచి ఏదో రావచ్చు. గాలి లేని చోట్ల శబ్దమంతా అణగిపోతుంది, పక్కకు వచ్చినదాని అలికిడి కూడా తెలియదు.

అదే ఒరవడిలో తర్వాత వచ్చిన గేమ్‌లు ఈ జాగ్రత్తను నిలబెట్టుకోలేకపోయాయి. 2009లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 5లో క్రిస్ పక్కన షీవా అలోమార్ అనే సహచరి ఎప్పుడూ ఉంటుంది. ఇద్దరు మిత్రులు కలిసి ఆడుకోవచ్చు. గేమ్ బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. కానీ చీకట్లో పక్కన ఇంకొకరు తుపాకీ పట్టుకుని నిలబడితే ఒంటరితనం ఏముంటుంది? 2012లో రెసిడెంట్ ఈవిల్ 6 నాలుగు కథలతో, దొర్లడాలూ జారడాలూ తన్నడాలతో, పేలుళ్లతో వచ్చింది. దాన్ని ఆడిన చాలామంది అభిమానులు భయం ఎక్కడని అడిగారు. కాప్‌కామ్ తన అమ్మకాల అంచనాను తగ్గించుకోవాల్సి వచ్చింది. 2013లో డెడ్ స్పేస్ 3 కూడా ఇద్దరు ఆడే పద్ధతిని చేర్చింది. అన్ని ఆయుధాలకూ ఒకే రకం తూటాలు పనికొచ్చేలా మార్చింది. ఏ ఆయుధం తీసుకెళ్లాలి, దేనికి తూటాలు దాచుకోవాలి అన్న లెక్క దాంతో పోయింది. ఆ వరుస అక్కడితో ఏళ్లపాటు ఆగింది, 2017లో విసెరల్ స్టూడియో మూతపడింది.

పెద్ద బడ్జెట్‌కు పెద్ద సంఖ్యలో కొనుగోలుదారులు కావాలి. కాల్పుల ఆటలకున్న ఆదరణను చూసి సంస్థలు అటు మొగ్గడం వ్యాపారపరంగా అర్థమయ్యేదే. అయితే ఖర్చు లేని తూటా భయాన్ని కూడా ఖర్చు చేసేస్తుందని ఆ కొద్ది ఏళ్లలో పరిశ్రమకు అనుభవమైంది.

ఆయుధం లేని ఆటలు

ఇదే సమయంలో చిన్న స్టూడియోలు అవతలి అంచుకు వెళ్లాయి. స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో తెచ్చిన అమ్నీషియా: ద డార్క్ డిసెంట్‌లో ఆయుధమన్నదే లేదు. చీకట్లో ఎక్కువసేపు నిలబడితే కథానాయకుడి మతి చెదురుతుంది. వెలుగులో నిలబడితే రాక్షసుడు చూస్తాడు. రాక్షసుణ్ని తేరిపార చూసినా మతి చెదురుతుంది. కొవ్వొత్తులు వెలిగించే సామగ్రి, లాంతరు నూనె కొద్దికొద్దిగా దొరుకుతాయి. తూటాల లెక్క పోయి వెలుగు లెక్క వచ్చిందన్నమాట.

దీనికి పూర్వీకులు లేకపోలేదు. 1995లో హ్యూమన్ ఎంటర్‌టైన్‌మెంట్ తీసిన క్లాక్ టవర్‌లో జెన్నిఫర్ అనే అమ్మాయి పెద్ద కత్తెర పట్టుకుని వెంటపడేవాడి నుంచి పారిపోవడం, దాక్కోవడం తప్ప పెద్దగా ఏమీ చేయలేదు. 2013లో మాంట్రియల్‌లోని రెడ్ బారెల్స్ తెచ్చిన అవుట్‌లాస్ట్‌లో విలేకరి చేతిలో ఉన్నది వీడియో కెమెరా. దాని బ్యాటరీ అయిపోతే చీకట్లో చూసే శక్తి పోతుంది.

నిరాయుధంగా ఆడించే పద్ధతి మొదటి గంటల్లో తిరుగులేనిది. చిక్కు తర్వాత వస్తుంది. దాక్కోవడం, ఎదురుచూడటం, పరుగెత్తడం తప్ప వేరే పని లేకపోతే ఆడేవారు రాక్షసుడు తిరిగే దారిని కనిపెట్టేస్తారు. అప్పటిదాకా భూతంలా ఉన్నది కాపలా తిరిగే యంత్రంలా కనిపించడం మొదలవుతుంది. పోరాటానికి అవకాశం లేకపోవడమూ ఒక రకంగా భరోసానే. ఎప్పుడూ ఒకే సమాధానం ఉన్న ప్రశ్న ఎంతోసేపు బెదిరించలేదు.

వెంటాడే శత్రువు

చంపలేని ఒకే ఒక్క శత్రువును ఆడేవారి వెనక వదలడం ఈ రెండు అంచులనూ కలిపే మార్గాల్లో ముఖ్యమైనది. 1999లో రెసిడెంట్ ఈవిల్ 3లో నెమెసిస్ ఆ పని చేసింది. గదిలోంచి గదిలోకి తరుముతుంది, కష్టపడి పడగొట్టినా మళ్లీ వస్తుంది. 2001 నాటి సైలెంట్ హిల్ 2లో మసహిరో ఇతో రూపుదిద్దిన పిరమిడ్ హెడ్‌తో ఇరుకైన చోట తలపడే ఘట్టంలో కూడా అతన్ని చంపితీరాలని లేదు. సైరన్ మోగేదాకా తప్పించుకుంటే తానే వెళ్లిపోతాడు.

ఈ పద్ధతిని శాస్త్రంలా అభివృద్ధి చేసింది 2014లో బ్రిటన్‌కు చెందిన క్రియేటివ్ అసెంబ్లీ తీసిన ఏలియన్: ఐసొలేషన్. సెవాస్తొపోల్ అనే అంతరిక్ష కేంద్రంలో అమాండా రిప్లీని ఒక ఏలియన్ వేటాడుతుంది. దాని బుద్ధిని రెండు అంతస్తులుగా కట్టారు. పైనున్న దర్శకుడి లాంటి వ్యవస్థకు ఆడేవారు ఎక్కడున్నారో ఎప్పుడూ తెలుసు. అది ఏలియన్‌కు ఫలానా వైపు వెతకమని సూచన మాత్రమే ఇస్తుంది, చోటు చెప్పదు. ఏలియన్ తన కళ్లు, చెవులతో స్వయంగా వెతుక్కోవాలి. ఆడేవారి మీద ఒత్తిడి ఎంత పేరుకుందో ఆ పై వ్యవస్థ కొలుస్తుంటుంది. హద్దు దాటితే ఏలియన్‌ను గాలిగొట్టాల్లోకి వెనక్కి పంపి కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది.

రిప్లీకి ఆయుధాలూ ఉన్నాయి. తుపాకీతో సాటి మనుషులను కాల్చవచ్చు, ఆ చప్పుడుకు ఏలియన్ వస్తుంది. మంటలు చిమ్మే ఆయుధంతో ఏలియన్‌ను తరిమికొట్టవచ్చు, అయితే అది కొంతసేపే. వాడేకొద్దీ ఏలియన్ దాన్ని లెక్కచేయడం తగ్గిస్తుంది. అలికిడి పసిగట్టే పరికరం తీస్తే దాని బీప్ శబ్దం కూడా దగ్గరలో ఉన్న ఏలియన్‌కు వినిపిస్తుంది. ఆటను భద్రపరచుకోవడానికి గోడకున్న యంత్రంలో కార్డు పెట్టి కొన్ని క్షణాలు ఆగాలి, ఆ ఆగిన క్షణాల్లోనే ప్రాణం పోవచ్చు. చేతికిచ్చిన ప్రతి సాయం వెనకా ఒక మూల్యం కట్టి ఉండటమే ఈ గేమ్ గొప్పతనం.

2019లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 కొత్త రూపం ఈ పాఠాన్ని పాత తూటాల లెక్కతో జోడించింది. పోలీస్ స్టేషన్‌లో మిస్టర్ ఎక్స్ అనే రాక్షసుడి బరువైన అడుగుల చప్పుడు పై అంతస్తు నుంచి వినిపిస్తూనే ఉంటుంది. ఎంత కాల్చినా అతను కాసేపు మోకాలి మీద కూలబడతాడు, మళ్లీ లేస్తాడు. అంతదాకా తప్పించుకుని తిరిగిన జాంబీలున్న నడవాల్లోకే ఇప్పుడు పరుగెత్తాల్సి వస్తుంది. గంట క్రితం తూటాలు మిగుల్చుకోవాలని తీసుకున్న నిర్ణయం ఇప్పుడు అడ్డం తిరుగుతుంది. కిటికీలకు చెక్కలు కొట్టి జాంబీలను ఆపవచ్చు గానీ, ఉన్న కిటికీలన్నిటికీ చెక్కలు చాలవు.

లయ, విరామం, శబ్దం

ఎడతెగని భయం మొద్దుబారుతుంది. అందుకే ఈ గేమ్‌లలో భద్రమైన గదులుంటాయి. రెసిడెంట్ ఈవిల్‌లో టైపురైటర్ ఉన్న గదిలోకి అడుగుపెట్టగానే మెత్తని సంగీతం మొదలవుతుంది, గుండె కుదుటపడుతుంది. ఆ గది విలువ బయటికి వెళ్లాల్సిన క్షణంలో తెలుస్తుంది. తలుపు తెరుచుకునే దృశ్యాన్ని నెమ్మదిగా చూపే అలవాటు కూడా స్వీట్ హోమ్ నుంచి రెసిడెంట్ ఈవిల్‌కు వచ్చింది. తర్వాతి గది తయారయ్యేందుకు యంత్రానికి కావాల్సిన వ్యవధి ఆడేవారికి బెదురుగా అనిపించేది.

లయను యంత్రం చేతికే అప్పగించిన ప్రసిద్ధ ఉదాహరణ వాల్వ్ సంస్థ 2008లో విడుదల చేసిన లెఫ్ట్ 4 డెడ్. అది ప్రధానంగా నలుగురు కలిసి ఆడే కాల్పుల ఆట. అయినా అందులోని ఏఐ డైరెక్టర్ ఆడేవారి ఒత్తిడిని గమనిస్తూ గుంపులను వదలడం, పతాకస్థాయి దాటాక విరామం ఇవ్వడం చేస్తుంది. 2023 జనవరిలో మోటివ్ స్టూడియో మళ్లీ తీసిన డెడ్ స్పేస్‌లో ఇలాంటి వ్యవస్థే ఉంది. ఆడేవారు ఇంతకుముందు ఖాళీ చేసిన గదికి తిరిగొచ్చినప్పుడు అది దీపాలు ఆర్పుతుంది, గొట్టాల్లో చప్పుళ్లు పుట్టిస్తుంది, కొన్నిసార్లు శత్రువులను దింపుతుంది. చాలాసార్లు ఏమీ రాదు. ఏమీ రాని చప్పుడే ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే దానికి తూటా వాడి సమాధానం చెప్పలేం.

శబ్దం తూకంలో చూపే ప్రభావం బొమ్మ కన్నా తక్కువేం కాదు. సైలెంట్ హిల్‌కు అకిరా యమఒకా ఇచ్చిన లోహపు రాపిడి లాంటి ధ్వనుల్లో సంగీతమేదో రాక్షసుడి అలికిడేదో తెలియదు. పోరాట సంగీతం మొదలై, ఆఖరి శత్రువు చావగానే ఆగిపోయే గేమ్‌లో ఆ నిశ్శబ్దం ‘అందరూ చచ్చారు’ అని కబురు చెప్పేస్తుంది. ఆ కబురు దాచగలిగిన గేమ్‌లోనే భయం పోరాటం తర్వాత కూడా నిలుస్తుంది.

చావు తెచ్చే చిక్కు

అన్నిటికన్నా మొండి సమస్య చావు. మొదటిసారి రాక్షసుడు పట్టుకుంటే వణుకు పుడుతుంది. అదే చోట ఐదోసారి చనిపోతే వణుకు పోయి చిరాకు మిగులుతుంది. రాక్షసుడు ఎక్కడినుంచి వస్తాడో, ఎన్ని అడుగులకు తిరుగుతాడో అప్పటికి కంఠస్థమైపోతుంది. ఫ్రిక్షనల్ గేమ్స్ బృందం అమ్నీషియాలో దీనికి ఒక పరిష్కారం వెతికింది. ఒకచోట చనిపోయి తిరిగొచ్చినప్పుడు అక్కడి రాక్షసుణ్ని వేరే చోటికి మార్చడమో పూర్తిగా తీసేయడమో చేసింది. అది తెలియని ఆడేవారు ఖాళీ గదిలో కూడా వణుకుతూనే నడిచారు. అదే సంస్థ 2015లో తెచ్చిన సోమాకు రెండేళ్ల తర్వాత సేఫ్ మోడ్ చేర్చింది. అందులో రాక్షసులుంటారు, ప్రాణం మాత్రం తీయరు. సముద్రగర్భంలోని ఆ కథ రేపే కలవరం తగ్గకుండానే చాలామంది దాన్ని చివరిదాకా చూడగలిగారు.

అదే ఫ్రిక్షనల్ 2023లో అమ్నీషియా: ద బంకర్‌తో తన పాత నియమాన్ని తానే సడలించుకుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు బంకర్‌లో ఒక ఫ్రెంచి సైనికుడు, ఒక మృగం. సైనికుడి చేతికి ఈసారి రివాల్వర్ ఇచ్చారు. తూటాలను ఒక్కొక్కటిగా నింపుకోవాలి, అవి మృగాన్ని తరిమేస్తాయే తప్ప చంపవు. జనరేటర్‌లో ఇంధనం ఉన్నంతసేపే దీపాలు వెలుగుతాయి. చేతి టార్చిని తాడు లాగి తిప్పుకోవాలి, ఆ చప్పుడు మృగానికి వినిపిస్తుంది. వస్తువులు దొరికే చోట్లు ఆటకు ఆటకు మారిపోతాయి కాబట్టి కంఠస్థం చేయడం కుదరదు. ఆయుధం చేతికి వచ్చాక ఈ వరుసలో భయం తగ్గకపోగా నిర్ణయాల బరువు పెరిగింది.

ఇటీవలి పోకడలు

కాప్‌కామ్ 2017లో రెసిడెంట్ ఈవిల్ 7తో భయం వైపు మళ్లింది. కోషి నకనిషి దర్శకత్వంలో వచ్చిన ఈ గేమ్ కెమెరాను కథానాయకుడి కళ్లలో పెట్టి, లూసియానాలోని ఒక్క కుటుంబం ఇంట్లో అతన్ని బంధించింది. 2021లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ ఒకే గేమ్‌లో పలు పాళ్లను పక్కపక్కన ఉంచి చూపింది. బెనెవియెంటో అనే ఇంట్లో కథానాయకుడు ఈథన్ ఆయుధాలన్నీ పోతాయి, ఆ కాసేపు దాక్కోవడమే దిక్కు. చివర్లో క్రిస్ పాత్రతో సాగే భాగం సైనిక దాడిలా ఉంటుంది. 2023 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 కొత్త రూపంలో లియాన్ గురిపెడుతూనే నడవగలడు. పాత నిబంధన పోయింది కాబట్టి దాని స్థానంలో కొత్త మూల్యం కావాలి. కత్తితో రంపాన్ని కూడా అడ్డుకోవచ్చు, కానీ కత్తి అరిగిపోతుంది, వర్తకుడి దగ్గర డబ్బిచ్చి బాగుచేయించుకోవాలి.

2024లో పోలెండ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ సైలెంట్ హిల్ 2ను మళ్లీ తీసినప్పుడు కెమెరాను భుజం వెనక్కి తెచ్చి, దెబ్బ తప్పించుకునే కదలికను చేర్చింది. కథానాయకుడు జేమ్స్ సండర్‌లాండ్ ఇప్పటికీ మొరటుగానే కొడతాడు, అయినా పోరాటాలు పాతదానికన్నా ఎక్కువయ్యాయని కొందరు అభిమానులు వాదించారు. 2025లో వచ్చిన సైలెంట్ హిల్ ఎఫ్ 1960ల నాటి జపాన్ పల్లెకు వెళ్లి తుపాకులను పూర్తిగా పక్కనపెట్టింది. హినాకో అనే విద్యార్థిని చేతిలో ఇనుప గొట్టాలూ కొడవళ్లూ ఉంటాయి. అవి వాడేకొద్దీ దెబ్బతింటాయి.

తూకం అందరికీ ఒకటే కాదన్న గుర్తింపు కూడా ఈ మధ్య బలపడింది. 2019 నాటి రెసిడెంట్ ఈవిల్ 2 ఇందుకు మంచి ఉదాహరణ. సులువైన స్థాయిలో గురికి సాయం దొరుకుతుంది, గాయం కొంతమేర దానంతటదే మానుతుంది. కఠినమైన స్థాయిలో ఆటను భద్రపరచుకోవాలంటే 1996లో లాగే ఇంకు రిబ్బన్ ఖర్చు చేయాలి. 2025లో ప్రకటించిన రెసిడెంట్ ఈవిల్ రెక్వియమ్‌కు కాప్‌కామ్ ఇద్దరు కథానాయకులను ఎంచుకుంది. పోరాటం అలవాటు లేని ఎఫ్‌బీఐ విశ్లేషకురాలు గ్రేస్ ఆష్‌క్రాఫ్ట్ భాగాలను భయానికీ, ఆరితేరిన లియాన్ భాగాలను యాక్షన్‌కూ కేటాయించింది. కథను పాత్ర కళ్లలోంచి చూడాలా, భుజం వెనకనుంచి చూడాలా అన్నది ఆడేవారికే వదిలింది.